పసులకూ జీవాలకూ

మా పెద్దమ్మ కర్మ నాడు నా విస్తట్లో ఓళిగ ఇంకా సగం ఉండగానే రఘునాథ్ చెయ్యి కడుక్కొచ్చి వీలునామా సంగతి ఎత్తాడు. జ్ఞానాంబక్కయ్య ఎంత పుణ్యాత్మురాలో ఈ పొద్దు అందరికీ తెలియాలన్నాడు. పుణ్యం అనే మాట ఆయన నోట్లోంచి నేతిలో నాని వస్తుంది. ఆయన హోసూరు బజారులో సిమెంటు వ్యాపారి, మా వర్తకుల ధర్మసంఘానికి అధ్యక్షుడు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు వచ్చేది ఆయనే, పంచె బిగించి పాడె దగ్గర నిలబడేదీ ఆయనే. అందుకని బజారంతా ఆయన్ను మెచ్చుకుంటుంది. నాకు మాత్రం ఆయన చావింట్లో నిలబడి గోడలూ గదులూ కళ్ళతో కొలవడమే కనిపిస్తుంది. మొదట్నుంచీ నాకు ఆయనంటే ఒళ్ళుమంట. ఆ సంగతి నేను దాచుకోను.

మా పెద్దమ్మ జ్ఞానాంబను పుణ్యాత్మురాలని ఆమె బతికుండగా ఒక్కరూ అనలేదు. పిసినారి అన్నారు, నోటి దురుసు అన్నారు. రెండూ నిజమే. పెదనాన్న పోయాక పశువుల దాణా అంగడిని ఆమె ఒక్కతే నడిపింది. తవుడు, వేరుశనగ చెక్క, పత్తి గింజలు. తూకంలో పిడికెడు ఎక్కువ వేసేది కాదు, పిడికెడు తక్కువా వేసేది కాదు. అరువు అడిగినవాళ్ళను ముందు నాలుగు తిట్టి తర్వాత ఇచ్చేది. రాయకోట గుట్టల కింద పసులు మేపుకునేవాళ్ళు ఆ తిట్లు తినడానికే వచ్చినట్టు ఆమె అంగడికే వచ్చేవాళ్ళు.

రాయకోట దగ్గర రోడ్డు పక్కన ఆమెకు ఒక చేను ఉండేది. అందులో పంట వేసింది తక్కువ. ఒక బావి, బావి పక్కన ఒక పొడుగాటి రాతి తొట్టి, అంతే. ఎండాకాలం వస్తే పెద్దమ్మ ముందు మోటారు బాగు చేయించి, తర్వాతే ఇంట్లో ఫ్యాను సంగతి చూసేది. పొద్దునా సాయంత్రం తొట్టి నిండాలి. చుట్టుపక్కల మందలన్నీ అక్కడే తాగేవి. ధర్మం చేస్తున్నాననే మాట ఆమె ఎప్పుడూ అనలేదు. వాళ్ళ పసులు తిన్న తవుడే నాకు అన్నం పెట్టింది, అవి నాలుక ఎండబెట్టుకుని నిలబడితే నాకు ముద్ద ఎట్లా దిగుతుందని మాత్రం ఒకసారి నాతో అంది.

ఈమధ్య ఆ చుట్టుపక్కల అంతా గులాబీ తోటలు లేచాయి. ఎక్కడ చూసినా తెల్లటి ప్లాస్టిక్ పందిళ్ళు. ఆ పూలు విమానమెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. వాటి కోసం బోరు పక్కన బోరు వేసి భూమిని జల్లెడ చేసి పెట్టారు. ఊరి బావులన్నీ ఒట్టిపోయాయి. గుట్ట వాలులో ఉండడం వల్లో ఏమో, పెద్దమ్మ బావి మాత్రం నిలబడింది. ఎండాకాలంలో ఆ మందలకు మిగిలినది ఆ తొట్టి ఒక్కటే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క, ఆమెకు పిల్లలు లేరు. పెదనాన్న తమ్ముడి కొడుకు గిరీష్ ఉన్నాడు. పండక్కి వచ్చి కాళ్ళకు మొక్కేవాడు, మొక్కి లేస్తూనే రాయకోట రోడ్డు వెడల్పు చేస్తున్నారట గదా పెద్దమ్మా అని అడిగేవాడు. వాడికి ఇస్తే తన చితి చల్లారకముందే రాళ్ళు పాతి ప్లాట్లు వేస్తాడని ఆమెకు తెలుసు. అందుకే సంఘానికి రాస్తానంది. పదిమంది చేతిలో ఉంటే ఏ ఒక్కడూ అమ్మలేడని ఆమె లెక్క. నేను వద్దన్నాను. ఆ చేను పక్కనే కాపురముండే మునిలక్ష్మమ్మ పేరున రాయమన్నాను. మునిలక్ష్మమ్మ రెండు ఆవులు, నాలుగైదు ఎనుములు, అదే గేదెలు, ఒక మేకల మంద పెట్టుకుని బతుకుతున్న మనిషి. చిన్నప్పట్నుంచీ అంగడికి వస్తున్నది. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"ఆయమ్మ మంచిదే పాపా. దాని మొగుడు నాగన్నకు ఒక క్వార్టరు పోస్తే చాలు, యాడ కావాలంటే ఆడ వేలిముద్ర వేస్తాడు" అంది.

అదీ నిజమే.

రిజిస్ట్రారు ఆఫీసుకు నేనే ఆమెను తీసుకుపోయాను. ఆ వీధిలో పత్రాలు రాసే అంకప్ప మా వాళ్ళందరికీ తెలిసినవాడు. ఇంట్లో తెలుగు, పత్రంలో తమిళం, ఇది హోసూరులో అందరికీ ఉన్న అలవాటే. పెద్దమ్మ తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివింది. తమిళం బేరమాడడానికి ఎంత కావాలో అంత మాట్లాడుతుంది, చదవడం రాదు. చెప్పాల్సింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

"చేనూ బావీ తొట్టీ పసులకూ జీవాలకూ. అవి తాగినంత కాలం తాగాల. అంతే, రాయి అంకప్పా."

మా వైపు ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన మాట. పసులంటే ఆవులు, ఎద్దులు, ఎనుములు. జీవాలంటే మేకలు, గొర్రెలు. రెండూ కలిపి అన్నామంటే గడ్డి మేసి ఇంటికి తిరిగొచ్చేవన్నీ వచ్చేసినట్టే. అంకప్ప విన్నది విన్నట్టు తమిళంలోకి దించుకుంటూ పోయాడు. పసులు కాస్తా పసు అయింది, జీవాలు కాస్తా జీవన్‌గళ్ అయింది, రెంటినీ వేరు చేసే ఆ కూ దీర్ఘం ఎగిరిపోయి రెండూ అతుక్కున్నాయి. పసు జీవన్‌గళ్. తమిళంలో పసువంటే ఆవు ఒక్కటే. జీవన్ అంటే ప్రాణం. అతికించి చదివితే ఆవులనే ప్రాణులు అని అర్థం. ఎనుము లేదు, ఎద్దు లేదు, మేక లేదు, గొర్రె లేదు.

అంకప్ప గట్టిగా చదివి వినిపించాడు. పెద్దమ్మ చెవికి పసు వినిపించింది, జీవన్ వినిపించింది. తన మాటలు రెండూ ఉన్నాయి, తోక మాత్రం తమిళం తోక. ఆ, అదే, పసులకూ జీవాలకూ అంటూ తల ఊపి సంతకం చేసింది. ఆ పూట ఆ గదిలో ఉన్న తెలుగువాళ్ళందరి చెవికీ అది సరిగ్గానే వినిపించింది. వచ్చేటప్పుడు నాకు సెనగపప్పు వడ కొనిపెట్టింది, దాని ధర గురించి ఇల్లు చేరేదాకా గొణిగింది.

ఇప్పుడు కర్మ నాడు రఘునాథ్ అదే కాగితం చేతిలో పట్టుకుని, ముక్కుకు అద్దాలు దించి, తమిళంలో చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. గోమాతల కోసం సర్వస్వం ధారపోసిన తల్లి, ఆ చేన్లో సంఘం తరఫున గోశాల కట్టి అక్కయ్య పేరు చిరస్థాయిగా నిలబెడతాము, అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను విస్తరి ముందు నుంచి లేచి, ఆమె చెప్పింది పసులకూ జీవాలకూ అని, నేను అక్కడే ఉన్నానని చెప్పాను. రఘునాథ్ నవ్వి, రాసుండేది కూడా అదే గదమ్మా, పసు జీవన్‌గళ్, అన్నాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష మాట్లాడని మనిషి, ఎనుముల పాలతో కాచిన కాఫీ తాగి పెరిగిన మనిషి, పసులంటే ఏమిటో తెలియనట్టు ముఖం పెట్టాడు. ఆ క్షణంలో ఆ ముఖం మీద పేడ కొట్టాలనిపించింది. చేతిలో ఓళిగ నెయ్యి తప్ప ఏమీ లేదు.

ఎండలు ముదరకముందే మునిలక్ష్మమ్మ మా పాత్రల అంగడికి వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, ముఖమంతా దుమ్ము. కూర్చోమన్నా కూర్చోలేదు. చేను చుట్టూ ఇనుప కంచె వేశారట, గేటుకు తాళం, ఒక కావలివాడు. లోపల పని జరుగుతున్నది. పాత తొట్టి పాచి పట్టి అసహ్యంగా ఉందని పగలగొట్టి, ఆ రాళ్ళను పునాదిలో వేశారు.

"పొద్దుమూకితే మంద నా మాట వినదమ్మా. అలవాటు పడిన దోవ గదా, పొయ్యి ఆ గేటు కాడ నిలబడతాది. నీళ్ళ వాసన తగులుతాదేమో, యాడికీ కదలదు. కట్టె తీసుకోని కొట్టుకోని రావాల. ఇన్నేండ్లలో నేను నీళ్ళ కాడ పసుల్ని కొట్టింది లేదు" అంది.

గులాబీ తోటవాళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో తెచ్చి పోస్తున్నదట. ఒక ఎనుము తాగే నీళ్ళు ఎంతో తెలిసినవాళ్ళకు ఆ మాట చాలు. ఈ ఎండాకాలం దాటితే చాలమ్మా, వాన పడితే గుంటల్లో నిలుస్తాయి, అంతదాకా గేటు తెరిపించమని అడిగింది. నీళ్ళు దొరక్కపోతే మందను సంతకు తోలాల్సిందే, ఈ ఎండలో సంతకు తోలితే పెంచుకునేవాడు ఎవడూ కొనడు.

నేను ముందు గిరీష్ దగ్గరికి పోయాను. ఎంతైనా ఆ ఇంటి వారసుడు, వాడు అడ్డం తిరిగితే సంఘం కొంచెమైనా వెనకాడుతుందనుకున్నాను. వాడు నాకు చల్లగా మజ్జిగ ఇప్పించి, పెద్దమ్మ మనసు చాలా గొప్పదక్కా అన్నాడు. ప్లాట్లు వేయాలన్నవాడికి ఇంత భక్తి ఎట్లా వచ్చిందో కాసేపటికే తెలిసింది. గోశాల ముందు రోడ్డు వైపు సంఘం అంగడి గదులు కడుతున్నది, అందులో మూల గది వీడిది. పిడకలు అమ్ముతాడట. గుండ్రంగా, చిన్నగా, బంగారు రంగు డబ్బాలో పెట్టిన పిడకలు. నాకు డబ్బా మూత తీసి వాసన చూపించాడు. కర్పూరం కలిపామక్కా, పేడ వాసనే రాదు, అన్నాడు.

అంకప్ప నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఆయమ్మ చెప్పింది ఏమిటో తనకు బాగా తెలుసన్నాడు, తప్పు జరిగిందని కూడా ఒప్పుకున్నాడు. ఆ ముక్క కోర్టులో చెప్పప్పా అన్నాను. గోడ వైపు చూశాడు. సంఘంవాళ్ళు కన్నెర్ర చేస్తే బజారులో ఒక్కడూ తన దగ్గర పత్రం రాయించుకోడన్నాడు. తర్వాత నాకు తెలియకుండా నా వెనకే వచ్చి ఆటోవాడికి డబ్బు ఇవ్వబోయాడు. అంత పాపభీతి ఉన్నవాడికి నోరు మాత్రం పెగల్లేదు.

కృష్ణగిరిలో ఒక అడ్వకేటును కూడా కలిశాను. ఆయన వీలునామా రెండుసార్లు చదివి, మాట స్పష్టంగా ఉందమ్మా, తిరగరాయించాలంటే ఏండ్లు పడుతుందన్నాడు. మీరు గెలిచే నాటికి ఆ మేకలు ఉండవు అన్నాడు. ఇంతమందిలో బెదరకుండా నిజం చెప్పినవాడు ఆయన ఒక్కడే.

ఇక మిగిలింది సంఘం మీటింగు. ఆడవాళ్ళు ఆ మీటింగులకు పోరు. మా ఆయన శ్రీనివాస కూడా వద్దన్నాడు, మనం అదే బజారులో బతకాలి గదా అన్నాడు. నేను పోయాను. ఏసీ హాలు, గోడకు గోశాల బొమ్మ పెద్దది, అందులో నీలం రంగు ఆకాశం కింద తెల్లటి ఆవులు నవ్వుతున్నాయి. బొమ్మలో మా పెద్దమ్మ ముఖం సూర్యుడుండాల్సిన చోట ఉంది. ఆమె తన పాత ఫోటోలో దేన్నో తిట్టబోతున్నట్టుంటుంది, ఆ ముఖాన్నే సాగదీసి చిరునవ్వు పెట్టించారు.

నేను పెద్ద కోరిక ఏమీ కోరలేదు. గోశాల కట్టుకోండి, పిడకలు అమ్ముకోండి, కంచె బయట ఒక తొట్టి పెట్టి పైపు ఇవ్వండి, బావిలో నీళ్ళకు కొదవ లేదు అన్నాను. అందరూ రఘునాథ్ వైపు చూశారు. ఆయన చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా, మేక పెరిగి పెద్దదై యాడికి పోతుంది? కోతకు. ముదిరిన ఎనుము కూడా ఆడికే. అట్లాంటి వాటికి మన చేత్తో నీళ్ళు పోసి పెంచితే ఆ పాపంలో మనకూ భాగముంటుంది. పోయినామె ఆత్మకు ఆ పాపం అంటించమంటావా?"

"దప్పికైనదానికి నీళ్ళు పోస్తే పాపమా అన్నా?"

"అట్లా అనలేదమ్మా. ఎవరైనా పోసుకోవచ్చు. మనం పోయకూడదు, అంతే."

హాల్లో అందరూ తలలు ఊపారు. వాళ్ళలో ఒక్కడు కూడా చెడ్డవాడిలా కనపడలేదు. శుభ్రంగా స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చీమకు కూడా చక్కెర వేసే మనుషులు. బాదం పాలు వచ్చాయి. నా ముందు పెట్టిన గ్లాసు నేను ముట్టుకోలేదు. పక్కాయన, వృథా ఎందుకని, అదీ తాగేశాడు.

గోశాల ప్రారంభానికి ముహూర్తం పెట్టారు. అప్పుడు తెలిసింది, గోశాలలో గోవు లేదని. మంచి జాతి ఆవుల కోసం ఎక్కడో అడ్వాన్సు ఇచ్చారు, అవి ముహూర్తానికి రాలేదు. పూజకు దూడతో సహా ఆవు కావాలి. గిరీష్ కారులో మునిలక్ష్మమ్మ గుడిసె ముందు దిగి ఆమె ఆవుల్ని ఒక్క పూటకు అడిగాడు. ఆమె నాకు ఫోను చేసింది. గొంతులో సంతోషం. వాళ్ళంతట వాళ్ళే వచ్చి పిలిచినారమ్మా, కళ్ళతో చూస్తే కనికరం పుట్టదా, మిగతావాటికీ గేటు తీస్తారు, అంది. నేనూ వస్తానన్నాను.

షామియానా, మైకు, వెండి పళ్ళాలు. నిగనిగలాడే తెల్లటి బండలు పరిచారు, మధ్యలో పెద్దమ్మ పేరు బంగారు అక్షరాల్లో. మునిలక్ష్మమ్మ ఆవుల్ని కడిగి, పసుపు రాసి, కొమ్ములకు రిబ్బను కట్టి తెచ్చింది. మనుషులు క్యూ కట్టి వాటి తోక కళ్ళకద్దుకున్నారు. పట్టుచీరలు ఎత్తి పట్టుకుని, పేడ తొక్కకుండా, ప్రదక్షిణం చేశారు. ఒకామె ఆవు నోటికి అరటిపండు అందిస్తూ ఫోటో సరిగ్గా రాలేదని అదే పండు మళ్ళీ లాక్కుని మళ్ళీ పెట్టింది.

కలిసి మేసినవి కదా, మిగతా మందంతా ఆవుల వెనకే వచ్చేసింది. ఎనుములూ మేకలూ గేటు బయట ఎండలో గుంపు కట్టి నిలబడ్డాయి. లోపల కొత్త టైల్సు తొట్టిలో మోటారు నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడు బయటికి వినిపిస్తున్నది. కావలివాడు కట్టెతో గేటు మీద కొడుతున్నాడు. రఘునాథ్ మైకులో భూతదయ గురించి మాట్లాడుతున్నాడు. ఒక ఎనుము ఆగకుండా అరుస్తున్నది. ఆయన మాట ఆపి, కొంచెం సౌండు పెంచప్పా అన్నాడు.

పూజ అయ్యాక మునిలక్ష్మమ్మ చేతులు జోడించి ఆయన ముందు నిలబడింది. ఈ ఎండాకాలం ఒక్కటి సామీ, అవి బయటే తాగి బయటినుంచే పోతాయి, అంది. చుట్టూ అతిథులున్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. రఘునాథ్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మనసు మార్చుకుని, గాల్లోనే ఆశీర్వదించాడు. ఈ ఆవులు ఈ పొద్దు నుంచి సంఘం బిడ్డలు, ఈడే ఉంటాయి, మేత నీళ్ళు మేమే చూస్తాము అన్నాడు. ఈ తల్లికి కూడా గోశాలలో పని ఇస్తున్నాము, ఇదే జ్ఞానాంబగారి కోరిక, అని మైకులో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. మిగతా మంద గురించి ఒక్క ముక్క లేదు.

ఆవులు ఇవ్వొద్దని నేను ఆమె చెవిలో చెప్పాను. తోలుకుని పోదాం పద, అన్నాను. ఆమె గేటు వైపు చూసింది, తర్వాత తొట్టి వైపు చూసింది. ఆవులు రెండూ అప్పటికే మూతులు ముంచి తాగుతున్నాయి. దూడ వాటి కాళ్ళ మధ్య నుంచి తల దూర్చింది.

"నీళ్ళుండే తావులో రెండన్నా బతకనీలేమ్మా" అంది.

ఆ తర్వాత చాలా రోజులు నేను రాయకోట వైపు పోలేదు. పోయి ఏం చూడాలి. వైశాఖం మధ్యలో రఘునాథే మా అంగడికి వచ్చాడు. చేతిలో నున్నటి కాగితం మీద అచ్చు వేసిన కరపత్రాలు. పైన మా పెద్దమ్మ, సాగదీసిన నవ్వుతో. కింద, మీ తర్వాత కూడా మీ ధర్మం నిలవాలంటే సంఘం పేరున వీలునామా రాయండి, పత్రం ఖర్చు మాదే. ఆమె చూపిన దారిలో బజారులో అప్పుడే కొందరు ముసలివాళ్ళు రాసేశారట. మా ఇంటి పేరు కూడా ఆ బండ మీద చూడాలని ఉందన్నాడు. శ్రీనివాస నా వైపు చూసి, కరపత్రం తీసుకుని గల్లాపెట్టె కింద పెట్టాడు. ఒక్కసారి వచ్చి చూడండమ్మా, మీ కోపం పోతుంది, కారు పంపిస్తాను, అన్నాడు రఘునాథ్. నేను పోయింది మునిలక్ష్మమ్మ కోసం.

ఆమెకు ఆకుపచ్చ చీర ఇచ్చారు. జాకెట్టు మీద సంఘం బొమ్మ. పేడ తీస్తున్నది. గడ్డి పెట్టే చోట ఆమె ఆవులతో పాటు కొత్తవి నాలుగు, నున్నగా, బరువుగా, మెడలో గంటలతో నిలబడి ఉన్నాయి. గేటు బయట ఏమీ లేదు, ఎండ తప్ప. నేను అడగకముందే ఆమే చెప్పింది, పార ఆపకుండా.

"సంతకు తోలినానమ్మా. ముందు ఎనుముల్ని, ఆ పై వారం మేకల్ని. లారీవాడే అన్నీ కొన్న్యాడు, కేరళకు పోయే లారీ. మేపుకోను కాదమ్మా, కోతకే. ఎక్కించేటప్పుడు బకెట్టు నీళ్ళు పెట్టమంటే, యాలమ్మా ఇంగ, నీళ్ళెందుకు, అన్న్యాడు."

కోతకు పోయేవాటికి నీళ్ళు పోస్తే పాపమన్నవాళ్ళు, నీళ్ళు ఆపి అన్నిట్నీ ఒకేసారి కోతకు పంపించారు. ఆ పాపం ఏ ఖాతాలో పడిందో ఏసీ హాలులో ఎవరూ అడిగి ఉండరు. ఆమె చెయ్యి పట్టుకోబోయాను, పేడ చేతులమ్మా అని వెనక్కి తీసుకుంది.

అప్పుడే రఘునాథ్ ఎవరో పుట్టినరోజు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లలు అరటిపళ్ళు పెడుతున్నారు, పెద్దలు ఫోటోలు తీస్తున్నారు. ఈమె మా మొదటి గోదాత అని మునిలక్ష్మమ్మను చూపించాడు, పాపం దిక్కులేకుండా ఉంటే జీవనం చూపించాము, అన్నాడు. నన్ను చూపించి, ఈమె జ్ఞానాంబగారి బిడ్డ లాంటిది, తొందర్లో ఈమె కూడా, అని నవ్వాడు. పాత రాతి తొట్టి ఉన్నచోట చిన్న గూడు కట్టి రాగి చెంబు పెట్టారు. ఆ బావి నీళ్ళలో తులసి వేసి తీర్థం అంటున్నారు. ఉద్ధరిణితో అందరికీ పోస్తూ నా దగ్గరికీ వచ్చాడు. చుట్టూ మనుషులున్నారు, అలవాటు కొద్దీ చెయ్యి చాచాను, నోట్లో పోసుకున్నాను.

చల్లగా ఉన్నాయి నీళ్ళు. తియ్యగా ఉన్నాయి. గొంతు దిగలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూనే, పెద్దమ్మ పేరు చెక్కిన ఆ తెల్లటి బండల మీద, ఆయన కాళ్ళ ముందు, నోట్లో ఉన్నదంతా ఉమ్మేశాను.

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. రఘునాథ్‌కు కోపం కూడా రాలేదు. చెంబు మూత పెట్టి, అటు తిరిగి, వేలుతో చిన్నగా సైగ చేశాడు. మునిలక్ష్మమ్మ పార కింద పెట్టి, చేతులు కడుక్కుని, గుడ్డ తడుపుకుని గబగబా వచ్చింది. వద్దు మునిలక్ష్మమ్మా, నేను తుడుస్తానన్నాను. గమ్మునుండమ్మా, చూస్తా ఉండారు, అంది. మోకాళ్ళ మీద కూర్చుని, నా ఎంగిలి తుడిచేసింది.